తలుపు లోపలివైపు

అక్కా,

నువ్వు ప్రభువునందు నిద్రించి నేటికి ఏడాది. సాయంత్రం ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. అమ్మ రెజిమెంటల్ బజార్ వెళ్ళి ముందుగదికి కొత్త కర్టెన్లు తెచ్చింది. సోఫా పైన గోడకి నువ్వు నవ్వుతున్న ఫోటో తగిలించింది. ఫిట్స్ మొదలయ్యాక నిన్ను ఆ సోఫాలో ఒక్కసారైనా కూర్చోనివ్వలేదు.

పాస్టరు అయ్యగారి స్కూటర్ చప్పుడు వినగానే ఎప్పటిలాగే ఉతకని బట్టలు, బకెట్లు, చిరిగిన దుప్పట్లు వెనకగదిలో నీ మంచం మీద పడేశాం. ఆ తలుపు గడియ ఊడిపోయింది.

"తెరుచుకుందంటే పరువు పోతుంది. నువ్వు లోపలుండి పట్టుకో," అంది అమ్మ.

కూడిక అయ్యేదాకా తలుపుకి వీపు ఆనించి చీకట్లో నిలబడ్డాను.

"ఎంత చక్కగా పెట్టుకున్నారమ్మా ఇల్లు!" అన్నారు అయ్యగారు.

"చిన్నబిడ్డ కనిపిస్తలేదేందమ్మా?" అని సంఘంలో ఒకావిడ అడిగింది.

అమ్మ నోటికి అలవాటైన జవాబే వచ్చింది. "ఊరెళ్ళిందండీ."

నీ గురించి ఎవరడిగినా అదే చెప్పేది. నేను పక్కనే నిలబడి తల ఊపేదాన్ని. తలుపు మూశాం కదా, నీకు వినపడదులే అనుకునేదాన్ని.

లోపలికి అన్నీ వినపడతాయక్కా.