వాల్వు కట్టేశాను

అదిగో, మీ అమ్మ మళ్లీ నా చేతికి చెంచా ఇచ్చి వెళ్లింది. ఇన్నేళ్లు పానా పట్టి పైపులు బిగించినవాణ్ణి తీసుకొచ్చి చెంచా ఉద్యోగంలో వేసింది. సెలవు కూడా లేదు.

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట నిన్నటిదాకా రాసే ధైర్యం లేకే నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది.

పాపకి మాటలొచ్చాయా అని అడిగావు. నన్ను "తా" అంటుంది. రెండో అక్షరం నువ్వు ట్రైనింగ్ ముగించుకుని వచ్చేలోపు వస్తుందిలే. తిండి సరిగ్గా తింటోందా అనీ అడిగావు. అక్కడే నా కలం ఆగిపోయిందమ్మా.

పోయిన వారం దానికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లలా పోయాయి. మీ అమ్మ నీళ్లు పట్టబోతే గ్లాసు లాక్కున్నాను. "కారే పైపులోకి ఎవరైనా ఇంకా నీళ్లు వదులుతారా? ముందు వాల్వు కట్టెయ్యాలి" అన్నాను. పాలూ ఆపించాను. సాయంత్రానికి విరేచనాలు తగ్గాయి. రిపేరు అయిపోయిందనుకున్నాను.

ఏడుస్తోంది గానీ కళ్లలో చుక్క లేదు. "దొంగ ఏడుపు, అచ్చం వాళ్లమ్మే" అని నవ్వాను. నవ్వానమ్మా. కాసేపటికి ఆ ఏడుపూ ఆగింది. కళ్లు లోపలికి పోయాయి. "ఏవండీ, పొద్దుట్నుంచి ఇది ఒక్కసారీ ఉచ్చ పోయలేదు" అంది మీ అమ్మ. ఎత్తుకుని పరుగెత్తాం.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. నర్సమ్మకి నా వాల్వు సంగతి చెప్పాను. "ట్యాంకు ఖాళీ అయినా కారడం ఆగుతుంది బాబాయ్. దాన్ని రిపేరంటారా? పోయినన్ని నీళ్లు మళ్లీ పడుతూనే ఉండాలి" అంది. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

ఇప్పుడు కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్ఎస్ పొడి, ప్యాకెట్ మీద రాసినంతే కలిపి, చెంచా చెంచా పడుతున్నాను. కక్కితే కాసేపాగి మళ్లీ. జింకు మందు, పాలు, మెత్తటి తిండి, ఏదీ ఆపడం లేదు.

ఇవాళ చెంచా చూసి ఏడ్చింది. చెంపల మీద కన్నీళ్లు. నా చొక్కా కూడా తడిపింది, పైనుంచీ, కిందనుంచీ. మీ అమ్మ మార్చుకోమంటోంది. నేనింకా మార్చలేదు.

నువ్వు రాగానే ముందు దాన్నెత్తుకో, తర్వాత నన్ను తిట్టు. వరస తప్పితే ఊరుకోను.

ఇట్లు,
మీ నాన్న

సంతకం పెట్టాక ఇది దాచడం ఎందుకనిపించింది. ఆసుపత్రినుంచి వచ్చాక అది నన్నొక్కసారీ పిలవలేదు. నీరసమేలెండి అంటుంది మీ అమ్మ. నాకు మాత్రం, గ్లాసు లాక్కున్న చెయ్యి దానికి గుర్తుండిపోయిందేమో అని... ఉండమ్మా, లోపల్నుంచి "తా" అని