రాయి మరిచిపోని వేడి

గురువారం రాత్రి, మెట్టుగూడ

రాబోయే ఇరవై ఏళ్లకు కంప్యూటర్‌లో వేసిన లెక్క పూర్తయిందన్న సంబరంలో సాయంత్రం నాన్నకు రాతి ఉష్ణోగ్రత గ్రాఫు చూపించాను. సొరంగం గోడల్లో నీటి గొట్టాలు పెట్టి, పైన భవనాల ఏసీల వేడిని రాతిలోకి పంపడమే నా ప్రాజెక్టు. రైల్వే సొరంగాల్లో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన నాన్న, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గిదేందే బిడ్డా, ప్రతి ఏడు గీత అదే జాగల షురూ అయితున్నది? పోయినేడు పంపిన వేడి ఏడికి పోయింది? చలికాలం మేం సొరంగం గోడకు ఈపు ఆనిచ్చి కూసొని సద్ది తింటుంటిమి, ఎచ్చగుంటదని. రాయి గంత జల్ది చల్లబడదే."

వెంటనే లెక్క మళ్లీ తెరిచి చూశాను. ప్రతి వేసవికీ రాతి ఉష్ణోగ్రతను మళ్లీ మొదటి అంకెకే మార్చేశాను! ఐదు నెలలుగా నేనూ చూడలేదు, మా ప్రాజెక్టు గైడు సారూ చూడలేదు. సరిచేస్తే గీత ఏటేటా పైకి పాకింది. పదేళ్లు దాటాక ఆ గోడ ఇక వేడిని తీసుకోదేమో. రేపు సార్‌కి ఏమని చెప్పాలో...

అయినా ఆ తప్పు నాన్న పట్టుకున్నాడని గర్వంగానే ఉంది. రిపోర్టులో కృతజ్ఞతల కింద నాన్న పేరు టైపు చేసి చూపించాను.

"పేరొక్కటే పెట్టినవేందే? పక్కన గ్యాంగ్‌మన్ అని సుత రాయి" అన్నాడు.