ఖాళీ గోలీల అట్ట

బిడ్డా షెకీనా, గోలీలు వేసుకోక ఎన్ని పూటలైంది? దేవుని ముందు నిలబడి చెప్పినట్టు చెప్పు.

నీకు ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమమే అని రాయడం అలవాటు. ఈ రోజు ఆ మాట రాయలేను. మీ అమ్మ బాగానే ఉంది. శంషాబాదులో మన మందిరం మీదుగా విమానాలు ఎప్పటిలాగే దిగుతున్నాయి. వాటి చప్పుడును మించి అరిచి వాక్యం చెప్పే నేను, మహేశ్వరం దగ్గరి ఈ ఉపవాస మందిరం గేటు బయట, ఆటోలో కూర్చుని, ఒడిలో కాగితం పెట్టుకుని ఇది రాస్తున్నాను. పక్కన నీ పెనిమిటి ఆశేర్ ఉన్నాడు. లోపలికి మగవాళ్లను రానివ్వరు, మీ ఫోన్లేమో గేటు దగ్గరే తీసుకున్నారు. నీళ్లు మోసే అమృతమ్మే మాకు దిక్కు.

నిన్న ఆమె చేత పంపిన చీటీలో అడిగావు, వేరే తల్లి అండంతో నా కడుపున పడ్డ బిడ్డ నా బిడ్డేనా అని. బైబిల్లో రూతు కన్న బిడ్డను ఆమె అత్త నయోమి ఒడిలోకి తీసుకుంటే, ఊరి ఆడవాళ్లు నయోమికే కొడుకు పుట్టాడన్నారు. నువ్వైతే నీ రక్తం పోసి పెంచుతున్నావు. నీ బిడ్డే. ఇంకెప్పుడూ అడగకు.

ఆ చీటీలో నువ్వు రాయని సంగతి పొద్దున ఆశేర్ చెప్పాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ దిగి నేరుగా మన ఇంటికొచ్చాడు. "మామా, షెకీనా గోలీలన్నీ ఇంట్లనే పెట్టి పోయింది. ఉపవాసంల నీళ్లు తప్ప ఏం ముట్టనన్నది. నీ సాక్ష్యం ఇన్న కాడికెల్లి నా మాట ఇంటలేదు" అన్నాడు.

డాక్టరమ్మకు ఫోను కలిపి నాకిచ్చాడు. మామూలుగానైతే అండం విడిచిన చోటు నుంచే గర్భాన్ని నిలిపే హార్మోన్లు ఊరుతాయట. నీకు అండం బయటి నుంచి వచ్చింది గనుక నీ ఒంట్లో ఆ పని జరగడం లేదట. బిడ్డకు పోషణ ఇచ్చే మావి ఎదిగి ఆ పని అందుకునే దాకా గోలీలే బిడ్డకు ఆసరా అట. మధ్యలో ఆపితే గర్భం జారిపోవచ్చు అంది. ఆ తర్వాత ఏమన్నదో నాకు వినబడలేదు. ఫోను ఆశేర్ తీసుకున్నాడు.

పుండుతో చావుకు దగ్గరైన హిజ్కియా రాజును బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు ముద్ద కట్టించాడు. మాటా దేవునిదే, ముద్దా దేవునిదే. ఎన్నోసార్లు చదివాను, ఒక్కసారీ ప్రసంగించలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు.

మొన్న ఆదివారం దేవుడు నా బీపీ తీసేశాడని, గోలీల అట్ట అందరి ముందు విసిరేశాను గదా. ఆ అట్ట ఖాళీది, బిడ్డా. మరునాడు పొద్దున కొత్త అట్ట తెరిచాను. బియ్యం డబ్బాలో దాచి రోజూ వేసుకుంటూనే ఉన్నాను. "ఖాళీ అట్ట ఇసిరి దేవునికి పేరు తెస్తవా అయ్యగారూ? ఎవలన్న నిజమనుకుంటే ఏం జేస్తవ్?" అని మీ అమ్మ దెప్పింది. నవ్వి కొట్టిపారేశాను. నిజమనుకున్నది నువ్వు.

వచ్చే ఆదివారం ఇదంతా మందిరంలో నిలబడి చెబుతాను. నా పరువు పోతే పోనీ. ఇన్నేళ్లు నరకాగ్ని గురించి ఉరిమాను గానీ, భయమంటే ఏమిటో ఈ గేటు దగ్గరే తెలిసింది.

అమృతమ్మ కొంగున గోలీలు కట్టి పంపుతున్నాను. తప్పినవన్నీ కలిపి మింగొద్దని డాక్టరమ్మ ఆశేర్‌కు గట్టిగా చెప్పింది. ఈ పూటవి మాత్రం వేసుకో. రక్తం కనబడి ఉంటే దాచకు. దవాఖానలో ఆమె నీకోసం చూస్తోంది. మిగిలిన ఉపవాసం నీ బదులు నేనుంటాను. రేపు కాదు, ప్రార్థన ముగిశాక కాదు. ఈ కాగితం మడవక ముందే గోలీలు మింగి, చెప్పులు తొడుక్కుని గేటు దాకా రా.

ఇట్లు,
గేటు బయట నీకోసం కాచుకున్న
నీ బాపు, యోనా