కంప్యూటర్ గది తాళంచెవి

30 జూన్ 2004, పెనుకొండ

లెక్కల లక్ష్మీదేవి మేడం ఈరోజు రిటైరయ్యారు. శాలువా, దండ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "పొయ్యే ముందర ఆ కంప్యూటర్ రూము ఒకసారి తెరువప్పా" అన్నారు.

మూడేళ్ల కిందట హిందూపురంలో కంప్యూటర్ ట్రైనింగుకు బడి తరఫున నన్నే పంపారు. వచ్చి మిగతా టీచర్లకు నేర్పాలి. మేడం నోటుబుక్కు పట్టుకుని ఎన్నిసార్లు అడిగారో! "చెడిపోతే ఎవరు జవాబు చెప్పాల మేడం?" అని తప్పించుకున్నాను. ట్రైనింగు జరిగిన పది రోజులూ వెనక వరుసలో కూర్చుని, ఆన్ చేయడం, ఆఫ్ చేయడం తప్ప నేనేమీ నేర్చుకోలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఏటా ఆయుధపూజకు బొట్లు పెట్టడానికే ఆ గది తెరిచాను.

ఈరోజు ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మానిటర్ మీది కుంకుమను కొంగుతో తుడిచి, తెర మీద త్రిభుజం గీసి, కోణాలకు పేర్లు పెట్టి, రంగు నింపారు.

"యాడ నేర్చుకున్యారు మేడం?"

"మా ధర్మవరంలోనే, కంప్యూటర్ సెంటర్లో. రెండేండ్లాయ."

"నాకు చెప్పనే లేదే?"

"నీకు రాదని తెలుసప్పా. అందరి ముందర నీకు చిన్నతనమైతాదని ఊరుకుంటి. ఆ మాట నువ్వే చెప్పింటే, ఇద్దరం కలిసి పిల్లోళ్లకు నేర్పిస్తాంటిమి గదా."

ఆమె బస్సెక్కాక, అలవాటు కొద్దీ గదికి తాళం వేసి వచ్చాను.

రెండేళ్లు మా బడిలో కంప్యూటర్ నేర్పగలిగిన మనిషి ఉన్నారు. ఆ రెండేళ్లూ తాళంచెవి నా జేబులో ఉంది.