ఫీజు ఎందుకు కట్టలేరు?

ఏమండీ,

కూర మూతపెట్టి ఉంచాను, లేవగానే తినండి. నీళ్లు ఆగిపోయేలోపు బకెట్లు నింపండి.

రాత్రి కంప్యూటర్ తెరిచే వదిలేసి పడుకున్నారు. గోడౌన్‌కి కాపలా కాసే మనిషి, పైగా సైబర్ సెక్యూరిటీ చదువుతానంటున్న మనిషి చేసే పనేనా ఇది? ఫీజు మాఫీ దరఖాస్తు నా కళ్లబడింది. ‘ఫీజు ఎందుకు కట్టలేరు?’ అన్నచోట, ‘మా ఆవిడ పనిచేసే హాస్పిటల్లోనే తినొచ్చానని చెప్పి రోజూ పస్తు పడుకుంటుంది’ అని రాశారు.

రెండేళ్లుగా చెంబుడు నీళ్లు తాగి పడుకుంటుంటే చూస్తూనే ఉన్నారా? తెలిసీ నోరు మెదపలేదా? ఇంట్లో నాతో అనలేని మాట, ముక్కూమొహం తెలియని వాళ్లకి రాస్తారా?

బస్సు టైమైంది.

ఆ మాట మాత్రం కొట్టేయకండి. అలాగే పంపించేయండి.

మర్చిపోయాను, రాత్రికి అన్నం ఇద్దరికీ వండండి.