నాన్న పక్కన చోటు

దుఖాన్, 1996 మార్చి

బాబాయిగారికి ప్రభువు పేరట వందనాలు.

మన ఊరి పేటలోని జడ్సన్ మొన్న ఇక్కడ చమురు బావుల దగ్గర డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. శవపెట్టె వెంట వస్తున్న, మాతో పనిచేసే రిచర్డ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఇక్కడి కాగితాల పని అయింది. సంఘపెద్దగా మీరు చేయవలసింది ఒకటుంది. నాన్న పక్కన నాకని ఉంచిన చోట అతణ్ణి పెట్టించండి.

"పేటవాళ్ళ సమాధులు గోడకి అవతల కదరా" అంటారు. ఒకే గుడిలో ప్రార్థన చేస్తూ శ్మశానం మధ్య కులం గోడ కట్టుకున్నవాళ్ళం, అనక ఏం చేస్తారు?

తన దేశం వెళ్ళిపోతూ ఇక్కడి ఒక అమెరికన్ ఇంజనీరు జడ్సన్‌కి ఒక పుస్తకం ఇచ్చాడు. పోయిన శతాబ్దపు నాయకుడు థాడియస్ స్టీవెన్స్ జీవితం. నల్లవాళ్ళ బానిసత్వం పోవాలని చట్టసభలో చివరిదాకా పోట్లాడాడట. తెల్లవాళ్ళకే చోటిచ్చే శ్మశానాలు వద్దని, అందరినీ చేర్చుకునే చిన్న శ్మశానంలో సమాధి కోరుకున్నాడట. భోజనాల దగ్గర జడ్సన్ అది చదివి వినిపించి, "ఆయనకి ఎంచుకునే వీలుందండీ. మన ఊళ్ళో నాకు మీవాళ్ళే ఎంచేశారు" అని నవ్వాడు. నేను కూర వడ్డించుకున్నాను.

ఇన్నేళ్ళూ మాది ఒకటే గది, ప్రార్థనకి ఒకటే చాప.

సంఘం ఒప్పుకోకపోతే గొడవ పడకండి. అతణ్ణి గోడకి అవతలే పెట్టించి, పక్కన నాకు చోటు వదలమనండి.

నాన్న పక్కనున్నది మీరు ఉంచుకోండి.

మీ అన్నగారి పెద్దకొడుకు