కీబోర్డు చూడకుండా

బుధవారం, రాత్రి

వేళ్ళు ముసలివైపోయాయని నిన్న ఈ పేజీలోనే రాశాను. తప్పు. వేళ్ళు బాగానే ఉన్నాయి, పోతున్నవి కళ్ళు. నిజామాబాద్‌లో కంటి డాక్టరు మెల్లగా చెప్పినంత మాత్రాన అది చిన్న మాట అయిపోదు. చూపు పూర్తిగా పోయేలోపు కీబోర్డు చూడకుండా టైపు చేయడం రావాలి. లేకపోతే ఈ డైరీ ఎవరికో చెప్పి రాయించుకోవాలి.

మనవరాలు మౌనికకు ఇదంతా వింతగా ఉంది.

"ఎందుకీ తిప్పలు అవ్వా? ఫోన్ల మాట్లాడు, అదే రాసుకుంటది."

"వంటింట్ల మీ అమ్మకు ఇనబడదా?"

"అంటే అమ్మ మీదనే రాస్తున్నవా?"

"నీ మీద గూడ ఉంది తియ్."

ఈరోజు కళ్ళు మూసుకుని, పది వేళ్ళూ వాడి ఒక పేజీ కొట్టాను. కోడలి పప్పుచారుతో మొదలుపెట్టి మనసులో ఉన్నదంతా. కళ్ళు తెరిస్తే ఒక్క మాటా అర్థం కాలేదు. మొదట్లోనే రెండు చేతులూ ఒక్కో కీ పక్కకు జరిగాయట. మౌనిక పడీ పడీ నవ్వింది.

"ఎవ్వలు చదవలేరు అవ్వా, నీకు గావాల్సింది గదే గద!"

నాకు నవ్వు రాలేదు. అలసట వచ్చింది. కళ్ళు లేని రోజున చెయ్యి జరిగిందని నాకు చెప్పేదెవరు...

చూపుడువేళ్ళు ఆనే ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలు ఈ పాత కీబోర్డులో అరిగిపోయాయి. రేపు మౌనికతో గాజుల దుకాణంలో రాళ్ళ బొట్టుబిళ్ళలు ఒక ప్యాకెట్ తెప్పించాలి. ఆ రెండింటి మీదా ఒక్కోటి అంటించాలి. రంగు ఏదైనా సరే, వేలికి గట్టిగా తగలాలి.